కొట్టని రెండు దెబ్బలు

కంచర్ల రాధాకృష్ణ గారి కుమారుణ్ణి, సిడ్నీ క్వేకర్స్ హిల్ నివాసిని, నలభై ఏడేళ్ల వయసున్న బాలమురళి అనే నేను ఈ వీలునామాను నా ఇష్టంతో, నా చేత్తో రాస్తున్నాను. బుద్ధి నిలకడగానే ఉంది. గుండె సంగతి అలా చెప్పలేను. మంగళవారం దాని కవాటం మారుస్తారు. ఇందులో ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేవు. ఇంతకు ముందు రాసినవి ఏవైనా ఉంటే ఇకపై చెల్లవు. ఇంగ్లీషులో మొదలుపెడితే అన్నీ లాయరు మాటలే వచ్చాయి. అందుకని ఆరో తరగతి దాకా తెనాలిలో నేర్చుకున్న తెలుగులో రాసి, అనువాదం జతచేస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా భార్య లీలది. ఇల్లు, కారు, ఇందులో విడిగా చెప్పనివన్నీ సర్వహక్కులతో ఆమెకే చెందుతాయి. పెళ్లయిన కొత్తలో నేను జర్మనీలో ఐస్ హాకీ ఆడుతూ ఆమెను ఇక్కడే ఉంచాను. పాప పుట్టిన రోజున కూడా మ్యాచ్ మానుకోలేదు. "పర్లేదులెండి" అంది ఫోనులో. పర్లేదని నేను నిజంగానే అనుకున్నాను, అదీ నా తెలివి. బాల్కనీలో కంపు కొడుతున్న నా ఆట సామాన్ల సంచిని పారేసే అధికారం కూడా ఇందుమూలంగా ఆమెకు ఇస్తున్నాను. పదిహేనేళ్లుగా అడుగుతోంది.

2. భానుప్రసాద్ అంకుల్ గారికి నా ముందరి రెండు కట్టుడు పళ్లు. ఏటా ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది సభలో నలుగురిలో నన్ను నిలబెట్టి, "ఐస్ మీద ఆటలు సరేనయ్యా, ఉద్యోగమేంటి?" అని అడిగేవారు. పంతొమ్మిది సీజన్లు ఆడాను, అందులో ఆరు జర్మనీలో జీతానికి ఆడాను. అసలు పళ్లు రెండూ ఆ ఉద్యోగంలోనే పోయాయి. డబ్బా మీద ఆయన పేరు రాసి పెట్టాను.

3. నా కూతురు గీతికకు నా హాకీ కర్రలన్నీ. అమ్మా, నువ్వూ నాలాగే డిఫెన్సులో ఆడుతున్నావు. గోల్ దగ్గర కాపలా ఉండాల్సిన చోటు వదిలేసి, పక్ బిళ్ల తీసుకుని నాలాగే ముందుకు పరుగెడుతున్నావు. ఏదైనా చెప్పబోతే "డాడ్, ఐ నో" అంటావు. నీకు తెలియనిది ఒకటుంది, అది ఐదో అంశంలో ఉంది. చదువు.

4. బ్లాక్‌టౌన్ ఐస్ రింకులో ఆదివారం పిల్లల తరగతికి నా స్కేట్లు, హెల్మెట్లు. సైజు సరిపోకపోయినా వాళ్లు మేజోళ్లు కూరి వేసుకుంటారు. మేమూ అలాగే నేర్చుకున్నాం.

5. మేము అంటే నేనూ, మా మేనమామ కొడుకు వేమూరి హేమచంద్రా. నాకంటే ఎనిమిది నెలలు చిన్న. సిడ్నీలో మాకు రెండు వీధుల అవతల ఉండేవాడు. పదమూడేళ్లు ఒకే జట్టులో డిఫెన్సు జోడీగా ఆడాం. నేను ముందుకెళ్లి గోల్స్ కొట్టేవాణ్ణి, వాడు వెనకాల ఉండేవాడు. మా ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండేది, కోచ్‌కీ తెలుసు. వెనక అంతా బాగుంటే వాడు కర్రతో మంచు మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆ చప్పుడు వింటేనే నేను వెళ్లాలి. కొట్టాక ఏం జరిగినా బాధ్యత కొట్టినవాడిది. "నువ్వెళ్లు బావా, నేనున్నాగా" అని దాని అర్థం. పేపర్లో నా ఫొటో పడిన ప్రతిసారీ ఆ చప్పుడు వాడిదే. అది ఏ పేపరూ రాయలేదు, నేనూ చెప్పలేదు.

2004 ఫైనల్. చెరి మూడు గోల్స్, ఇంకో నిమిషం ఆట. ఆ సీజన్లో నాకు ఇంకొక్క గోల్ పడితే డిఫెన్సు ఆటగాళ్లలో క్లబ్బు రికార్డు నాది. నన్ను చూడటానికే జర్మనీ క్లబ్బు నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పక్ నా దగ్గరికొచ్చింది. చెవి రిక్కించి విన్నాను. దెబ్బలు వినపడలేదు. అవతలి జట్టులో వేగంగా పరుగెత్తేవాడు మా వెనక కాచుకుని ఉన్నాడని హేమ చూశాడు. అందుకే కొట్టలేదు. అయినా నేను వెళ్లాను.

పక్ పోగొట్టుకున్నాను. అవతలి జట్టువాళ్లు ఇద్దరు ఒక్కసారిగా హేమ మీదికి వెళ్లారు. ఆపడానికి వాడు అడ్డంగా పడ్డాడు. మోకాలు గోల్ స్తంభానికి తగిలింది, గోల్ కూడా పడింది. తర్వాత డ్రెస్సింగు రూములో వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి ఐసు పెడుతుంటే కోచ్ వచ్చి, కర్ర కొట్టావా అని అడిగాడు. వాడు నోరు తెరిచేలోపు నేనే, "కొట్టాడు, నేను విన్నాను" అన్నాను.

హేమ నా వంక చూశాడు. తర్వాత కోచ్ వైపు తిరిగి, "యా, కోచ్. మై కాల్" అన్నాడు, నిర్ణయం తనదేనని.

నాకు ఆ ఏటి ఉత్తమ డిఫెన్సు ఆటగాడి పతకం వచ్చింది, జర్మనీ వచ్చింది. వాణ్ణి జట్టు మళ్లీ పిలవలేదు. మోకాలు కాస్త బాగయ్యాక కూడా పిలవలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే రింకులో మంచు చదునుచేసే బండి నడుపుతున్నాడు. మా పాప ప్రతి పుట్టినరోజుకీ కుంటుకుంటూ వచ్చి కేకు తిని వెళ్తాడు. ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. వాడు ఎత్తితే చెబుదాములే అని నేను ఊరుకున్నాను. నా అంత పిరికివాణ్ణి నేను చూడలేదు. జర్మనీలో ఆరేళ్లూ పక్ అందుకోగానే ఆ చప్పుడు కోసం వినేవాణ్ణి. అక్కడ ఎవరు కొడతారు?

ఆ పతకం హేమచంద్రకు చెందుతుంది. నేను పోయిన తర్వాత వచ్చే క్లబ్బు వార్షిక విందులో గీతిక ఈ అంశాన్ని అందరి ముందూ ఇంగ్లీషులో చదవాలి. ఒరేయ్ హేమా, నన్ను క్షమించమని అడిగే అర్హత లేదు. నువ్వు కొట్టలేదు. అంతే, అది అందరికీ తెలియాలి.

6. సంతకాలకు ముందు జరిగింది కూడా రాస్తున్నాను. పై భాగం చదివి లీల కాగితం పక్కన పెట్టింది. "మీరు పోయాక ఇది చదివితే అన్నయ్య ఎవర్ని తిట్టాలి? బతికుండగానే తిట్టనివ్వండి" అని నన్నడగకుండా హేమకు ఫోన్ చేసింది. వాడు రింకు నుంచి పని బట్టలతోనే వచ్చాడు. నిలబడే చదివాడు, రెండుసార్లు చదివాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పటికి సాక్షులిద్దరూ సిద్ధంగా ఉన్నారు, పక్కింటి కోటేశ్వరరావు గారూ, ఎదురింటి శాల్వినా. హేమ శాల్విన చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో రాసింది దక్కదురా, పతకం పోతుంది అని చెప్పాను. "తెలుసు బావా. పతకం నాకెందుకు? ఆ రోజు నువ్వు వెళ్లడం వెనక నుంచి చూసినోణ్ణి నేనొక్కణ్ణే. ఇంకొకళ్లు సాక్షేంటి?" అన్నాడు.

కాబట్టి పతకం ఎవరికీ చెందదు. చదవమన్న షరతు మాత్రం అలాగే ఉంటుంది.

తేదీ: 11 అక్టోబరు 2025, శనివారం
స్థలం: క్వేకర్స్ హిల్

సంతకం: కంచర్ల బాలమురళి

సాక్షులు:
1. యలమంచిలి కోటేశ్వరరావు, క్వేకర్స్ హిల్.
2. వేమూరి హేమచంద్ర, బ్లాక్‌టౌన్. ఐదో అంశం చదివాను. నేను కొట్టలేదు.