చుక్కి అంగీ

వదినా,

బాగున్నావా అని అడగడానికి లేదు. రేపటితో నువ్వు పోయి ఏడాది. ఇల్లు అలికి, రేపటి వంటకు పప్పు నానబెట్టి వచ్చి కూర్చున్నాను. నీకు చదువు రాదు. ఊరినుంచి వచ్చిన ఉత్తరాలు నేను చదువుతుంటే సూది ఆపి వినేదానివి. ఇదీ అట్లాగే విను.

మేం ఇంకా పటాన్‌చెరులో ఆ కిరాయి ఇంట్లోనే ఉన్నాం. మీ తమ్ముడికి రాత్రి షిఫ్టులు తగ్గాయి. నేను సీసాలు కడిగే పనికి పోతూనే ఉన్నాను. రోడ్డవతల ఇంకో కంపెనీకి గోడ లేస్తోంది. నీ పిల్లి చుక్కి బతికే ఉంది.

చుక్కి గురించే రాయాలి...

నువ్వు పోయాక అది కొన్నాళ్ళు నువ్వు కూర్చుని కుట్టే చాప మీదనే పడుకుంది. పగలు మేమిద్దరం పనికి పోతే ఇంట్లో అదొక్కతే. తర్వాత దాని కడుపు మీద వెంట్రుకలు మళ్ళీ పోవడం మొదలైంది. ఈసారి కడుపుతో ఆగలేదు. తొడల లోపలివైపు, ముందుకాళ్ళు... ఎండలు ముదిరేసరికి ఈకలు పీకిన కోడిలా అయింది.

వాడలో ఏమన్నారో నీకు తెలియాలి. నువ్వుండగా అన్నదే. నేను దాని మీద గంజి పోశానని. దానికి ఇంకొకటి కలిపారు. వదిన పోయింది కదా, ఇక పిల్లినీ బతకనివ్వదని. పక్కింటి కమలమ్మ మనుమణ్ణి మన గడప దాటనివ్వడం లేదు. నాకు పిల్లలు లేకపోవడానికి చుక్కి ఉసురే కారణమట. ఆ మాట మీ తమ్ముడి చెవిన కూడా పడింది. ఆయన విని, డబ్బా పట్టుకుని షిఫ్టుకు పోయాడు.

గంజి ఒలికిన రోజు నీకు గుర్తుందా?

గుమ్మడిదల దిక్కునుంచి మనం ఇక్కడికి వచ్చిన కొత్త. పనికి పోయే తొందరలో గంజి వంపుతుంటే మూత జారింది. గంజి పొయ్యిరాళ్ళ మీద పడి పొగలు లేచాయి. చుక్కి ఎగిరి గంప వెనక్కి దూరింది. నువ్వు ఎదురుగానే బియ్యం ఏరుతున్నావు. అప్పుడు నువ్వే అన్నావు, "ఏం కాలే తియ్యి. అది దూరంగనే ఉన్నది. నీ చెయ్యి కాలిందా సూడు."

ఆ మాట పట్టుకునే పనికి పోయాను.

కొన్ని వారాలకు దాని కడుపు మీద అరచేయంత బోడి కనిపించింది. రవిక కుట్టించుకోవడానికి వచ్చిన కమలమ్మ చూసి, గంజి పడ్డదా అని అడిగింది. నేను నీ వైపు చూశాను. నువ్వు చెప్తావనుకున్నాను. నువ్వు దారం కొస నోట్లో తడుపుకొని సూదిలోకి ఎక్కించావు. దారం ఎక్కించడానికి అంతసేపు పడుతుందా వదినా...

అంతే. అబద్ధం ఆడలేదు. నా మీద ఒక్క చాడీ చెప్పలేదు. సాయంత్రాలు గడపలో కూర్చుని చుక్కిని వెల్లకిలా పడుకోబెట్టి కొబ్బరినూనె రాసేదానివి. దారిన పోయేవాళ్ళు ఆగి పాపం అనేవాళ్ళు. నువ్వు తలెత్తకుండా, "ఇగ ఎవల్నని ఏం ఫాయిదా" అనేదానివి.

ఒక పొద్దున మీ తమ్ముడు నాతో కాదు, నీతో అన్నాడు. ఇకనుంచి గంజి నువ్వే వంపు అక్కా అని. నువ్వు లేచి వచ్చి నా చేతిలోంచి మసిగుడ్డ తీసుకున్నావు. అప్పుడైనా నోరు తెరవచ్చు కదా? నా ఇంట్లో నా పొయ్యి దగ్గరనుంచి నేను లేచి పక్కకు జరిగాను.

పోను పోను నాకే అనుమానం పట్టుకుంది. నన్ను ఓదార్చడానికి అట్లా అన్నావేమో, నిజంగానే పడిందేమో అని. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని దగ్గర కొబ్బరికాయ కొట్టి తప్పు ఒప్పుకుంటానన్నాను. తోడుగా నువ్వూ వచ్చావు. మెట్టుకు నుదురు ఆనించి, నోరులేని దాన్ని కాల్చాను తల్లీ అని ఏడ్చాను. నువ్వు నా పక్కనే నిలబడి దండం పెట్టావు.

ఏమని మొక్కావు?

ఈ మధ్య గంజి వంపేముందు చుక్కిని బయట పెట్టి తలుపేస్తున్నాను. అయినా బోడి పెరుగుతూనే ఉంది. మరి ఇది గంజి ఎట్లా అవుతుంది? పోయిన వారం దాన్ని గంపలో పెట్టి, పైన పాత చీర కట్టి, సంగారెడ్డి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. కోడికైతే టికెట్టు కొట్టేవాణ్ణి, పిల్లికి ఏం కొట్టాలె అని కండక్టరు బస్సంతా నవ్వించాడు. బర్రెల మధ్య నా గంప చూసి డాక్టరు కూడా నవ్వాడు. కానీ చూడడం బాగా చూశాడు. తోలు సాగదీసి వేలితో తడిమాడు.

"కాలినదైతే మచ్చ పడ్తదమ్మా. ఇది నున్నగున్నది. ఇది గంజి కాదు, దీని నాలుకే" అన్నాడు.

జాగ మారినా, గాబరా పడినా, ఒంటరిగా ఉన్నా కొన్ని పిల్లులు అట్లా తమను తామే నాకి నాకి వెంట్రుకలు తెంపుకుంటాయట. పురుగులున్నా నాక్కుంటాయట గానీ దీనికి అవి లేవన్నాడు. నాలుక తగలకుండా కొన్నాళ్ళు కడుపుకు గుడ్డ కట్టమన్నాడు. మనిషి దగ్గరుంటే నెమ్మదిస్తుందన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీకు నవ్వొస్తుందేమో... మొదట నీకే చెప్పాలనిపించింది. వదినా, నేను కాల్చలేదు అని.

గుడ్డ కోసం నీ ట్రంకుపెట్టె తీశాను.

రవిక ముక్కల మూట అడుగున దొరికింది. నా పాత నీలం రవిక. చినిగిపోయిందని ముక్కలకు వాడుకొమ్మని నేనే నీకిచ్చాను. దాన్ని చిన్న అంగీలా కుట్టావు. ముందుకాళ్ళకు రెండు కంతలు, వీపు మీద ముడేయడానికి నాడాలు. లోపలంతా తెల్లటి వెంట్రుకలు. కడుపు దగ్గర అది నాకి నాకి చినిగితే మాసిక వేశావు. మాసిక మీద మళ్ళీ మాసిక. ఒక్కనాటి పని కాదు.

నీకు తెలుసు. మొదటినుంచీ నీకు తెలుసు.

మేం పనికి పోగానే అంగీ తొడిగి, అర్రలో పెట్టి గొళ్ళెం వేసి, మేం వచ్చేలోపు విప్పేదానివి. పగలు పిల్లి కనబడదేందని కమలమ్మ అడిగితే, "పండుకున్నది" అని చెప్పేదానివట. సాయంత్రం మళ్ళీ గడపలో కూర్చుని నూనె...

ఎందుకు వదినా?

ఊరినుంచి వచ్చేటప్పుడు చుక్కిని కూడా తెస్తానంటే మీ తమ్ముడు నవ్వుతూ అన్నాడు, దానికి ఈడ పడకుంటే నువ్వూ అదీ ఇద్దరూ వాపస్ పోవాలె అక్కా అని. అది నిజమనుకున్నావా? ఊళ్ళో చిన్నతమ్ముడి పెళ్ళాం నీ కంచం వేరుగా పెట్టేదని నువ్వే నాకు చెప్పావు. పిల్లికి ఈ ఊరు పడలేదని తెలిస్తే నిన్ను మళ్ళీ అక్కడికి పంపుతారని భయపడ్డావా? నాతో ఒక్కమాట చెప్తే నేను పంపనిచ్చేదాన్నా?

లేక ఇంకొకటా... భర్త పోయి పుట్టింటికి చేరిన దగ్గరనుంచి బర్రె పాలియ్యకున్నా, బావి ఎండినా నీ వల్లే అన్నారు. మొదటిసారి ఇంకొకరి వల్ల అన్నారు. మొదటిసారి వాడ ఆడవాళ్ళంతా నీ పక్కన కూర్చుని నీకోసం అయ్యో అన్నారు. అది నీకు బాగుండిందా?

మొదటిదైతే నాకు అర్థమవుతుంది. రెండోదైతే ఏం చేయాలో తెలియడం లేదు.

కామెర్లు ముదిరి నీకు మాట పడిపోయిన రోజు నా చెయ్యి పట్టుకుని చుక్కి వైపు చూశావు. దాన్ని చూసుకొమ్మంటున్నావనుకుని తలూపాను. చెప్పబోయింది అదేనా?

అంగీ మీ తమ్ముడికి చూపించాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చాప మీద పెట్టాడు. పోయిన మనిషిని బద్నాం చెయ్యకు అన్నాడు. ఉన్న మనిషిని చేయవచ్చా అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఒక సంగతి మాత్రం తెగడం లేదు. రవికలకు చంకలో పట్టకుండా నువ్వు మూడుమూలల ముక్క వేస్తావు చూడు, వాడలో ఇంకెవరూ వెయ్యరు. చుక్కి అంగీకి కూడా రెండువైపులా వేశావు. పిల్లికి చంక ఒరుసుకోకూడదని ఆలోచించినదానివి... నా గురించి అంత కూడా తోచలేదా?

రేపు ఏడాది భోజనాలకు వాడ ఆడవాళ్ళంతా వస్తారు. సగం మంది ఒంటి మీద నువ్వు కుట్టిన రవికలే ఉంటాయి. నీకు పెట్టే విస్తరిలో ఏదీ తక్కువ చేయను. నీకు ఇష్టమని పచ్చిపులుసు చేస్తాను. అన్నం నేనే వండుతాను, గంజి నేనే వంపుతాను.

చుక్కిని ఊరికి పంపను. నువ్వు భయపడ్డది దానికేనైతే, అది జరగదు. సాయంత్రం పని నుంచి వచ్చాక దాని దగ్గర కూర్చుంటున్నాను. కొద్దిగా నూగు వస్తోంది.

కానీ రేపు అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక దానికి నీ అంగీ తొడిగి అర్ర గొళ్ళెం తీస్తాను. నా అంతట నేను ఏమీ అనను. నీ కుట్టు వాళ్ళకు తెలుసు.

ఎవరైనా అడిగితే మాత్రం జవాబు చెప్తాను వదినా. దారం ఎక్కిస్తూ కూర్చోను.

నీ మరదలు