మా వైపు నుంచి ఏమీ లేదు

జూన్ 9, సోమవారం
గురువారం డచ్ వాళ్ళతో వీడియోలో ఉమ్మడి సమావేశం. ఏసీ మళ్ళీ పాడైంది. బేగంపేట ఎండకు ఫైళ్ళకంటే ముందు నేనే కరిగిపోయేలా ఉన్నాను.

నీళ్ళ మీద పరిశోధనకు రెండు దేశాలూ కలిసి ఇచ్చే గ్రాంటు ఇది. వాళ్ళ శాస్త్రవేత్తలకు వాళ్ళిస్తారు, మనవాళ్ళకు మేమిస్తాం, ప్రాజెక్టు మాత్రం ఒకటే. ఇద్దరూ ఔనంటేనే ఔను. ఒకరు కాదంటే ఇద్దరికీ కాదు. కాపురం లాంటిదే.

శ్యామల ప్రతిపాదన ఇంకోసారి చదివాను. తిరుమలగిరిలో కాలేజీ లెక్చరర్. పాత బావుల్లోకి వాన నీరు ఎంత దిగుతోంది, ఎటు పోతోంది అని ఏళ్ళ తరబడి కొలుస్తోంది. ఆ నీరు భూమిలో ఎన్నేళ్ళుందో, దాని వయసు చెప్పే ల్యాబు మాత్రం డచ్ ప్రొఫెసర్ దగ్గరుంది. ఒకరు లేకపోతే రెండోవారి పని సగమే. రెండు వైపులా నిపుణులు మంచి మార్కులే వేశారు. వచ్చే ఏడాది రిటైరవుతుంది. మళ్ళీ అవకాశం రాదు.

జూన్ 10
చలికాలంలో శ్యామల నన్ను బన్సీలాల్‌పేట్ మెట్ల బావి చూపించడానికి తీసుకెళ్ళింది. గుర్తొస్తోంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, టేపు భుజాన వేసుకుని, నాకంటే వేగంగా దిగింది. "పైలం మేడం, జెర జారుతది." కింద నీళ్ళు చూపిస్తూ — "ఇవి యాడికెల్లి వచ్చినయో మనకు తెల్వాలె గదా. ఊరంత బోర్లు ఏసుకుంటనే ఉన్నం, అడిగినోడు లేడు."

జూన్ 12, గురువారం
అయిపోయింది. శ్యామలది పోయింది.

మొదటివన్నీ చకచకా తేలాయి. మిగిలిన చివరి గ్రాంటు చోటుకు శ్యామలది వచ్చింది. అధ్యక్షుడు అడిగాడు — భారత్ వైపు నుంచి ఏమైనా చెబుతారా? ఎప్పుడూ అనేదే అన్నాను. మా వైపు నుంచి ఏమీ లేదు.

అది మా పద్ధతి. చేరిన కొత్తలో అప్పటి డైరెక్టరు గారు నేర్పారు. "మనవాళ్ళను మనమే పొగిడితే పైరవీలా ఉంటుందమ్మా. అవతలివాళ్ళు రెట్టించి అడుగుతారు. అప్పుడు రెండు మంచి మాటలు చెప్పు, చాలు." పెళ్ళిచూపుల్లో పిల్ల తల్లి కూర్చున్నట్టు కూర్చోవడం. డచ్ వైపు మునుపున్న పెద్దాయనకు ఇది బాగా తెలుసు. తప్పకుండా రెండోసారి అడిగేవాడు. ఆయన వెళ్ళిపోయాడు. ఆయన చోటికి మరైకె వచ్చింది.

మరైకె అడుగుతుందని చూశాను. రెండు మంచి మాటలు కాదు, నాలుగు సిద్ధం చేసుకున్నాను. తెర మీద ఆమె అడగకుండానే కాగితం తిప్పింది. అంతే. ఆ చోటు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఖాళీగా వదిలేశారు.

జూన్ 13
మా సెక్షన్ యాదగిరి టీ తాగుతూ అడిగాడు. "బావుల మేడందీ పోయిందా? ఏందీ మేడం, మంచిగుండె గదా."
పద్ధతి సంగతి చెప్పాను.
"అడిగితేనే చెప్తరా? గిదేమన్న పెళ్ళిచూపులా?"
నవ్వాను. నిన్న నేను రాసుకున్న పోలికే, వాడి నోట వింటే కాలింది.

జూన్ 17, మంగళవారం
మరైకె ఫోన్. సమావేశం మినిట్స్ పంపుతోంది, సంతకం చేసి తిప్పి పంపాలి. పెట్టేసే ముందు, మాటవరసకి — ఆ బావుల ప్రాజెక్టు మీకెందుకు నచ్చలేదు?

నచ్చలేదని ఎవరన్నారు?

మీరే కదా, అంది. ఏమీ లేదన్నారు. వాళ్ళ దగ్గర సొంత దేశం నోరు విప్పి కావాలంటేనే కావాలని. ఏమీ అనకపోతే, మర్యాదగా వద్దన్నట్టు. "మీరు ఔనంటే వెంటనే ఔనందామని ఎదురుచూశాం."

వాళ్ళు నా కోసం. నేను వాళ్ళ కోసం. తెరకు అటొకరూ ఇటొకరూ, ఇద్దరమూ కావాలనుకుంటూనే...

మధ్యాహ్నం డబ్బా విప్పలేదు.

జూన్ 18
డైరెక్టరు రావు గారి గదికి వెళ్ళాను. అంతా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

"ఒక్కటి తిరగతోడితే అన్నీ తిరగతోడాలమ్మా. మిగతావాళ్ళ మంజూరంతా ఆగిపోద్ది. వానలు మొదలవుతున్నాయి, వాళ్ళు పరికరాలు పెట్టుకోవద్దూ? మళ్ళీ ఏడాది ఆగమని చెబుతావా వాళ్ళకి?"
మరి శ్యామల గారు?
"నాకూ బాధగానే ఉంది."
చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే పోట్లాడి వచ్చేదాన్ని.

జూన్ 20
సంతకం పెట్టాను.

జూన్ 24, మంగళవారం
ఫలితాలు వెళ్ళాయి. గంట తిరక్కుండానే శ్యామల ఫోన్. కోపం లేదు గొంతులో, అదే కష్టమైంది.

"మా ప్రపోజల్ల తప్పేంది మేడం? జెర చెప్పుండ్రి. నాకు కాకున్నా, నా ఎనక చేసెటోళ్ళు సరిదిద్దుకుంటరు."

సమావేశంలో మాటలు బయటికి చెప్పకూడదు. రూలు. తప్పేమీ లేదు శ్యామల గారూ, తప్పు నాది — ఇంతే కదా చెప్పాల్సింది. "పోటీ చాలా ఎక్కువగా ఉందండీ" అన్నాను. ఖాళీగా వదిలేసిన చోటుకు పోటీ.

"అట్లనా. సరే మేడం, మీరు పరేషాన్ గాకుండ్రి."

నన్ను ఓదార్చి పెట్టేసింది.

జూన్ 26
పెద్ద వాన. సికింద్రాబాద్ స్టేషన్ ముందు మోకాలిలోతు నీళ్ళు. ఇవన్నీ ఎటు పోతాయో...

జూన్ 29, ఆదివారం
చర్చికి వెళ్ళాను. పాస్టరు గారు దేని మీద చెప్పారంటే చెప్పలేను. ఇంటికొచ్చాక మా ఆయన — "వారం నుంచి చూస్తున్నాను, కూరలో ఉప్పైనా ఎక్కువవుతోంది, లేదా అసలుండటం లేదు. ఏమైంది ప్రమీలా?" ఆఫీసు గొడవ అన్నాను. ఆయనకూ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అలవాటైపోయింది.

జూలై 2, బుధవారం
మరైకె మంచి ఆలోచన చేసింది. ఇకముందు ఇలా జరక్కుండా నియమాల్లో ఒక వాక్యం చేరుద్దామంది. రావు గారు నన్నే రాయమన్నారు. రాశాను: ప్రతి ప్రతిపాదనపైనా ఎవరి దేశం వారు ముందుగా తమ అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పాలి.

రెండు దేశాలూ ఒక్క మాట కూడా మార్చకుండా ఒప్పుకున్నాయి. ఇన్నేళ్ళలో ఇంత తొందరగా ఏదీ ఒప్పుకోలేదు. "భలే క్లియర్‌గా రాశావమ్మా" అన్నారు రావు గారు. వచ్చే విడత నుంచి అమలు. అప్పటికి శ్యామల కాలేజీలో ఉండదు. ఆ వాక్యం ఎవరి వల్ల వచ్చిందో అందులో ఎక్కడా ఉండదు.

గర్వపడాల్సిన పనే. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 4, శుక్రవారం
సాయంత్రం మెట్రోలో ఉండగా శ్యామల ఫోన్. పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి, మెట్ల పక్కన నిలబడి ఎత్తాను.

ముందు బావి సంగతి చెప్పింది. వానకు నీళ్ళు బాగా పైకొచ్చాయట. చేతి డబ్బుతోనే కొలుస్తోంది, ఎవరూ కొలవమనకపోయినా. తర్వాత గొంతు తగ్గించి —

"మేడం, ఒకటడుగుత, ఏమనుకోకుండ్రి. మా డచ్ ప్రొఫెసర్ ఫోన్ చేసిండు. వాళ్ళ ఆఫీసుల అన్నరంట, మీ దేశమోళ్ళే మిమ్మల్ని వద్దనుకున్నరని. గంతగనం ఏం జేసిన నేను? నిజమేనా మేడం?"

అక్కడ నోళ్ళకు తాళాల్లేవు. ఇక్కడ నాకే ఉంది.

రైలు దిగిన జనం నన్ను రాసుకుంటూ పోతున్నారు. ఒక్క మాట చాలు — నిజం కాదు. ఆ ఒక్కటీ అంటే ఎందుకు కాదో చెప్పాలి. అది చెబితే సమావేశమంతా చెప్పినట్టే. ఉద్యోగం సంగతి అటుంచితే, మిగతావాళ్ళ గ్రాంట్లకు ఎసరు రావచ్చు.

"మేడం, లైన్ల ఉన్నరా?"

ఉన్నాను అన్నాను.

తనే అంది. "పోనియ్యండ్రి. రేపు పొద్దుగాల బన్సీలాల్‌పేట్ బావికాడ ఉంట, నీళ్ళు కొలిచేదుంది."

నేనూ వస్తానన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

అడిగి ఉంటే అక్కడే, ఆ మెట్ల పక్కనే, అంతా చెప్పేసేదాన్నేమో. ఇంకా అదే బుద్ధి. ఎవరో రెట్టించి అడగాలని చూడటం.

రేపు ఆమె అడగదు.