బీపీ లేదన్నవాళ్ళు

మంగళవారం

రెండు ఊళ్ళలో చేసిన సర్వేలో తమకు బీపీ ఉందన్నవాళ్ళ శాతం మంగినపూడిలో కంటే మొవ్వలో బాగా తక్కువ. రెండు శాతాలనూ స్టాటిస్టిక్స్ టెస్టుతో పోల్చి చూస్తే, తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా తేలింది. మొవ్వలో నెలనెలా పెట్టే బీపీ క్యాంపును మంగినపూడికి మార్చమని మధ్యాహ్నమే రిపోర్టు పంపేశాను. లెక్క రెండుసార్లు చూశానని గర్వం కూడానూ.

సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి, బీపీ లేదన్న మొవ్వవాళ్ళలో నలుగురికి ఫోన్ చేశాను. నలుగురిదీ ఒకే మాట. చివరగా మాట్లాడిన పెద్దావిడ గొంతు చెవిలోంచి పోవడం లేదు.

"రోజూ బిళ్ళ వేసుకుంటున్నానుగా బాబూ, ఇంకెక్కడి బీపీ?"

సర్వేలో ప్రశ్న రాసింది నేనే. బిళ్ళలు వాడుతున్నారా అని అడగాలని తోచనేలేదు.

"బిళ్ళలు ఎక్కడ తీసుకుంటారండీ?"

"మీ క్యాంపులోనేగా. వచ్చే నెల ఎప్పుడు పెడతారు బాబూ?"