మావయ్యగారి గొంతు ఉన్న డిస్క్

జూన్ 12, బుధవారం

మావయ్యగారి ఆపరేషన్ అయింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా ఆయన కౌశిక్ ఫోన్ చేశారు. స్వరపేటిక మొత్తం తీసేశారట. ఇక మాట రాదు. ముందే తెలిసిన సంగతి. అయినా ఫోన్ పెట్టేశాక అత్తయ్యగారూ నేనూ చాలాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వేసవి అంతా ఆయన ముందుగదిలో కూర్చుని రోజుకో పనస, అంటే వేదంలో ఒక చిన్న భాగం, చొప్పున వేదం చెప్పారు. నేను కంప్యూటర్లో రికార్డు చేశాను. ఆ గొంతు ఇప్పుడు అందులోనే ఉంది. ఇంకో కాపీ తీయాలి.

జూన్ 14

కంప్యూటర్ లోగో దగ్గరే ఆగిపోతోంది. ఎన్నిసార్లు ఆన్ చేసినా అంతే.

కౌశిక్ ఫోన్. నాన్నగారు పలక మీద రాసి అడుగుతున్నారట, రికార్డింగులన్నీ ఒకసారి వినాలని. పంపుతానన్నాను. కంప్యూటర్ సంగతి చెప్పలేదు.

రాజోలు సెంటర్లో కంప్యూటర్ షాపు నాగసతీష్ పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టి ఇచ్చాడు. లోపల డిస్కులు రెండుంటాయండీ, విండోస్ ఉన్నదాన్నే ఫార్మాట్ చెయ్యండి, రికార్డింగులు ఉన్నదాని జోలికి వెళ్ళకండి అన్నాడు.

జూన్ 15, ఉదయం

లిస్టులో డిస్క్ ఒకటే వచ్చింది. రెండోది ఏమైందని ఆగలేదు. పేరు చదవలేదు. డిలీట్, నెక్స్ట్ నొక్కేశాను. సగంలో కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక నల్ల స్క్రీన్. ఆపరేటింగ్ సిస్టమ్ లేదని ఒక ముక్క. మళ్ళీ పెన్‌డ్రైవ్ పెట్టాను. అదే ఒక్క డిస్క్. ఖాళీగా.

అప్పుడు వెలిగింది. నేను చెరిపింది ఏ డిస్కు?

జూన్ 15, మధ్యాహ్నం

నాగసతీష్ ఆలమూరులో పెళ్ళికి వెళ్ళాడట. ఫోన్లో జరిగింది చెప్పాను. "ఇంకేమీ నొక్కకండి. స్విచ్ తీసేయండి. నేను వచ్చి చూస్తానండీ" అన్నాడు. పోయిందంటావా అని అడిగాను. చూస్తానండీ అనే అన్నాడు.

అత్తయ్యగారు వచ్చి, "కాస్త ఆయన గొంతు పెట్టమ్మా, వింటాను" అన్నారు. కరెంటు లేదన్నాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆవిడ ఫ్యాన్ కేసి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

జూన్ 16

నాగసతీష్ రాలేదు. కౌశిక్ ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు.

జూన్ 17

వచ్చాడు. కేబినెట్ విప్పి దుమ్ము ఊదాడు. ఒక డిస్క్ కేబుల్ పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. "తేమకి పిన్నులు పచ్చబడిపోయేయండీ. డిస్క్ కనబడకపోడానికి ఇదే అయ్యుంటది" అన్నాడు. కొత్త కేబుల్ పెట్టి ఆన్ చేశాడు.

లిస్టులో రెండు డిస్కులు. రెండోదాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘నాన్న’ అని ఉంది. కౌశిక్ పెట్టిన పేరు.

"ఇదేనాండీ?" అన్నాడు. తలూపాను. "ఆయ్, అయితే దీన్ని పక్కన పెట్టేద్దామండీ" అని దాని కేబుల్ పీకేసి, మొదటిదాంట్లో విండోస్ ఎక్కించాడు. అది పూర్తిగా అయ్యాకే దీన్ని మళ్ళీ తగిలించాడు.

ఫోల్డర్ తెరిచాను. అన్నీ ఉన్నాయి. చేతికి అందిన ఫైల్ నొక్కాను. ముందు దగ్గు. గొంతు సవరించుకోవడం. తర్వాత హరిః ఓమ్.

అత్తయ్యగారు తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

వెంటనే ఇంకో కాపీ తీశాను. కౌశిక్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కోప్పడలేదు. ఇంటికొచ్చాకే విందాం, అప్పటిదాకా దాన్ని కదపకు అన్నారు.

జూన్ 24

మావయ్యగారు ఇంటికి వచ్చి రెండు రోజులైంది. మెడకి కట్టు. కళ్ళు మూసుకుని పొద్దుటినుంచీ వింటున్నారు. ఒకచోట వేలెత్తారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వేలెత్తారు.

పలక మీద రాశారు: స్వరం తప్పింది. తీసెయ్యి.

ఒక్కచోటే కదండీ, మిగతా పనసంతా బాగుంది, ఉంచుదామండీ అన్నాను. ఇది చెరిగిపోయిందనుకుని రెండు రోజులు ఏమైపోయానో కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. పలక తుడిచి రాశారు: విన్నవాళ్ళు తప్పే నేర్చుకుంటారమ్మా.

జూన్ 25

ఆ పనస తీసేశాను, రెండు కాపీల్లోంచీ. ముందుగదిలో మావయ్యగారి ఎదురుగా కూర్చుని కౌశిక్ అదే పనస చెబుతున్నారు. మావయ్యగారి చెయ్యి స్వరం వెంట పైకీ కిందికీ కదులుతోంది. అత్తయ్యగారు మిక్సీ ఆపేశారు.