తలుపు వెనక కంట్రోల్ టవర్

నంద్యాల, ఆగస్టు 1982, బుధవారం

గల్ఫ్ విమాన కంపెనీ అన్నను పైలట్ శిక్షణకు ఇంగ్లండు పంపుతోంది. రేపే ప్రయాణం. విమానాశ్రయం కంట్రోల్ టవర్ చెప్పిన మాటను రేడియోలో తిరిగి పలకనివాళ్లను ఇంటికి పంపేస్తారట. అందుకే సాయంత్రం నేను తలుపు వెనక నిలబడి, టవర్‌లా ఇంగ్లీషులో విమానం ఎగరాల్సిన ఎత్తు, దిక్కు చెప్పాను. అవతల చప్పుడు లేదు.

"ఏందన్నా, పలకవు?"

"తలూపినా కదమ్మే!"

"నాకు యాడ కనపడతాది?"

నాయన నవ్వాడు. "బళ్లో అయివారికీ ఇట్లనే తలూపేటోడు."

నాకు నవ్వు రాలేదు. చీకటిపడేదాకా పలికించాను. చివరికి అన్న గడగడా చెప్పాడు. అమ్మ మురిసిపోయింది. కానీ నేను ఎడమకు తిరగమంటే అతను కుడికి అన్నాడు. ఎవరూ గమనించలేదు. అందరి ముందు దిద్దడానికి నాకు నోరు రాలేదు.

అందరూ నిద్రపోయారు. వేకువనే బస్సు. తిడితే తిట్టనీ, ఇప్పుడే అన్నను లేపుతాను.