తొంభై ఆరు శాతం హాజరు

ఆగస్టు 16, మంగళవారం

కొత్త హెడ్మాస్టరు ప్రేమ్ కుమార్ గారు ఈరోజు బడికి ల్యాప్‌టాప్ తెచ్చారు. ఇకమీద స్కూల్ ప్లాన్ ఊహించి రాసేది లేదట. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో డేటా చూసి, దాన్ని బట్టే రాయాలట. పోయిన ఏడాది ప్లాన్ నేనే రాశాను. అంతకు ముందు ఏడాది ప్లాన్ ముందు పెట్టుకుని రాశాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఉన్నది ఇద్దరం, నలభై ఒక్క మంది పిల్లలు. ఒకటి రెండు తరగతులు ఆయనవి, పై మూడూ నావి. వారంలో రెండు రోజులు ఆయనకు మీటింగులే.

బేస్‌లైన్ టెస్ట్ పెట్టాను. నాలుగో తరగతి కృపకు అక్షరాలు వచ్చు, గుణింతాలు సగం వచ్చు. పదం చదవలేదు. వాళ్ళమ్మ సారమ్మ కూలికి పోతుంది, తండ్రి లేడు. రోజూ వస్తే రెండు నెలల్లో చదివే పిల్ల.

ఆగస్టు 22, సోమవారం

విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ మొదలైంది. ఏడుగురు రాలేదు. ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించాలి. చిన్న వేళ్ళయితే పువ్వు నలగదని పిల్లల్ని తీసుకుపోతారు. ఏటా ఉన్నదే.

గద్వాల బస్సు దిగి ఆటో కోసం నిలబడితే సారమ్మ ఎదురొచ్చింది. పిల్ల గూడ చెయ్యేస్తెనే సాలు ఒడుస్తది టీచరమ్మా, పత్తి అయిపోంగనే తోలిస్త, జర పేరు తీసెయ్యకు అంది. తీయనన్నాను.

రిజిస్టరులో ఏడు చుక్కలు పెట్టాను, పెన్సిల్‌తో. ఈ పద్ధతి నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన మాలతి మేడం నేర్పింది. ఆబ్సెంట్ రాస్తే ఆబ్సెంటే, చుక్క పెడితే నెలాఖరుకు ఏది కావాలంటే అది అవుతుంది అని. ఆమె మంచి టీచరే. పాటలు బాగా పాడించేది.

ఆగస్టు 30, మంగళవారం

రేపు వినాయక చవితి. చుక్కలన్నీ ప్రెజెంట్ చేశాను. పది నిమిషాల పని.

సెప్టెంబరు 15, గురువారం

మండల మీటింగులో మా బడి హాజరు తొంభై ఆరు శాతం అని చదివారు. చప్పట్లు కొట్టారు. క్రాసింగ్ సీజన్‌లో కూడా ఇంత హాజరెట్లా వస్తుందో యమున మేడం చెప్పాలె అని ఎవరో అన్నారు. లేచి నిలబడ్డాను. ఇంటింటికీ తిరుగుతాను అని చెప్పాను. నిలబడి, మైకులో చెప్పాను.

మధ్యాహ్న భోజనం వండే జములమ్మ మాత్రం పొద్దున్నే నవ్వుతూ, నలభై మంది అంటవు, నేను ముప్పైమూడు పళ్ళేలే కడుగుతున్న గదా టీచర్ అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిజం రాసుకోవాలి, ఇక్కడ కూడా రాయకపోతే ఎక్కడ రాస్తాను. పిల్ల పేరు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అది కాదు. హాజరు తగ్గితే ఈ బడికి రెండో టీచరు ఎందుకంటారు. ఆ రెండో టీచరు నేను. నన్ను ఎక్కడికో విసిరేస్తారని భయం. అంతే.

అక్టోబరు 11, మంగళవారం

దసరా సెలవులైపోయాయి. ఏడుగురిలో ఆరుగురు వస్తూ పోతూ ఉన్నారు. కృప ఆగస్టు ఇరవై రెండు నుంచి ఒక్కరోజూ రాలేదు. రిజిస్టరులో రోజూ వచ్చింది.

అక్టోబరు 14, శుక్రవారం

రెండో టెస్ట్. ఒక్క పిల్ల ఖాళీ ఉన్నా ఆన్‌లైన్‌లో తీసుకోదు. కృపను ఈ ఒక్కరోజు పంపమని సారమ్మకు కబురు చేశాను. పంపింది. పిల్ల వేళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, పుప్పొడి. కాగితం మీద మరకలు పడ్డాయి. అక్షరాలు చెప్పింది. గుణింతాలు ఆగస్టులో వచ్చినవి కూడా మరిచిపోయింది.

ఉన్నది ఉన్నట్టు మార్కులు వేశాను. ఈ ఒక్క విషయంలో నిజాయితీగా ఉన్నాననుకున్నాను.

అక్టోబరు 18, మంగళవారం

ప్రేమ్ కుమార్ గారు నన్ను పిలిచి స్క్రీన్ చూపించారు. ఒక వరసలో హాజరు, పక్క వరసలో చదువు. మేడం, ఈ పిల్లను చూడుండ్రి, తొంభై ఆరు శాతం వస్తుంది, ఇంచు గూడ కదలలేదు, పైంగ వెనక్కి పోయింది అన్నారు. తక్కువ హాజరున్న పిల్లలు కూడా ముందుకు పోతుంటే ఈ పిల్ల మీద ఆయనకు నిజంగా దిగులు. బోధనలో లోపం అందామంటే మిగతా వాళ్ళు నేర్చుకుంటుండ్రు గదా, నా అనుమానం వేరే ఉంది అన్నారు.

అప్పుడే చెప్పాల్సింది. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. గంట కొట్టాలి సార్ అని బయటికొచ్చాను.

నవంబరు 3, గురువారం

ప్లాన్ తయారైంది. ముప్పై నాలుగు పేజీలు. పటాలు, రంగులు. మొదటి పేజీలో మొదటి వాక్యం, ఈ పాఠశాలలో హాజరు సమస్య లేదు.

కృప పేరు ప్రత్యేక అవసరాల పిల్లల లిస్టులో ఉంది. ఆయన అనుమానం ఇదన్నమాట. మిగతా నలభై మందికీ మార్చికల్లా చదవాలని టార్గెట్ రాశారు. ఆ పిల్లకు టార్గెట్ గడిలో గీత గీశారు. అంటే ఆ పిల్లకు చదువు రాకపోతే ఇకమీద ఎవరూ ఎవరినీ అడగరు.

నవంబరు 9, బుధవారం, సాయంత్రం 6

ఆ లిస్టు పిల్లలకు మండలంలో డాక్టర్ల క్యాంపు. పిల్లతో తల్లీ, క్లాస్ టీచరూ రావాలన్నారు. ముగ్గురం ఒకే ఆటోలో పోయాం.

డాక్టరు గారు రంగు దిమ్మెలిచ్చి పేర్చమన్నారు. కృప చకచకా పేర్చింది. బొమ్మల్లో తేడాలు అడిగితే చెప్పింది. ఆయన మొహంలో అనుమానం కనబడింది. తర్వాత పుస్తకం ఇచ్చి చదవమన్నారు. చదవలేదు. ఫారం తిరగేసి, రోజూ బడికి వస్తుందా అని నన్ను అడిగారు.

వస్తుందన్నాను.

ఆయన సారమ్మ వైపు తిరిగి అదే అడిగారు. సారమ్మ నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకోలేదు, చూశాను. ఎట్లా చూశానో నాకు తెలుసు. వస్తది సారు, ఒక్కనాడు గూడ ఇడువదు అంది.

నా ఉద్యోగం కోసం కన్నబిడ్డ మీద అబద్ధమాడింది. నోటితో అడగలేదు కాబట్టి నేను అడగలేదని చెప్పుకోగలను, కానీ అడిగాను. అంత దూరం కూలి పోగొట్టుకుని వచ్చి, మూడు నెలలు పిల్లతో చేలో పక్కపక్క సాళ్ళలో నడిచిన మనిషి.

డాక్టరు రాశారు. నెమ్మదిగా నేర్చుకునే పిల్ల, బుద్ధిమాంద్యం ఉండవచ్చు, జిల్లా దవాఖానలో పరీక్ష చేయించాలి. తేదీ జనవరి ఇరవై నాలుగు. అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇస్తే ఆన్‌లైన్‌లో పిల్ల పేరు వెంబడి ఎప్పటికీ ఉంటుంది.

వచ్చేటప్పుడు ఆటోలో సారమ్మ గొంతు తగ్గించి, నిజంగనే నా బిడ్డకు మెదడు తక్కువున్నదా టీచరమ్మా అని అడిగింది. పిల్ల బడికి రాలేదని ఆమెకు తెలుసు. అయినా డాక్టరు కాగితం మీద రాసిండు గదా అంది. కృప మా ఇద్దరి మధ్యలో కూర్చుని ఉంది. వింటూనే ఉంది.

లేదు అన్నాను. ఆటో చప్పుడుకు వినబడిందో లేదో. గట్టిగా చెప్పడానికి సిగ్గేసింది.

నవంబరు 10

ఏమీ రాయలేను.

నవంబరు 21, సోమవారం

పత్తి పని అయిపోయింది. కృప బడికొచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. క్యాంపు సంగతి ఊరంతా తెలిసింది. వచ్చిన రోజే పిల్లలు ఎర్రి కృప అంటున్నారు. ఇద్దరిని నిలబెట్టి తిట్టాను. తిడుతుంటే నాకే నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. ఆ పేరు పెట్టింది వాళ్ళు కాదు గదా.

బడి అయ్యాక గంటసేపు నాతో ఉండమన్నాను. ఎందుకని అడిగింది. చదువుకోవడానికి అన్నాను. నాకు రాదంట గదా టీచర్ అంది. కోపంగా కాదు, బస్సు రాదంట అన్నట్టు మామూలుగా.

డిసెంబరు 6, మంగళవారం

గుణింతాలు మొత్తం వచ్చేశాయి. పదిహేను రోజులు!

సంతోషించాలి. కానీ పదిహేను రోజుల పని కదా ఇది.

డిసెంబరు 28, బుధవారం

రెండక్షరాల పదాలు, మూడక్షరాలవి. ఒత్తుల దగ్గర ఆగుతుంది. ఆగి, పెదాలతో రెండుసార్లు అనుకుని, అప్పుడు పైకి అంటుంది. తప్పైతే నా కంటే ముందే తల అడ్డంగా ఊపుతుంది.

ఇట్లా చదువు నేర్పించేస్తే ఇక చెప్పనక్కర్లేదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. ఎంత చక్కటి ఆలోచనో. దొంగకు తాళం దొరికినట్టు. రాసి పెడుతున్నాను, రేపు చదివి ఉమ్మేసుకోవడానికి.

జనవరి 11, బుధవారం

ఎల్లుండి నుంచి పండగ సెలవులు. కృప చదువుతోందని ప్రేమ్ కుమార్ గారికి చెప్పి, దవాఖానకు పంపొద్దని అడిగాను. మంచిదే మేడం, కానీ గట్ల మధ్యల ఆపితే ఆన్‌లైన్ల కారణం రాయాలె, ఏం రాద్దాం అన్నారు.

కారణం నా దగ్గర ఉంది. ఇవ్వలేదు.

జనవరి 18, బుధవారం

చెప్పేశాను. తరగతులు మొదలు కాకముందే, ఆయన రూములో, నిలబడి. చుక్కలు, ఏడుగురి పేర్లు, క్యాంపులో ఆడిన అబద్ధం, అన్నీ.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. ల్యాప్‌టాప్ తెరిచి ఆ మొదటి వాక్యం చూపించారు. దీని మీదనే మొత్తం కట్టిన మేడం అన్నారు. నాకు తెలిస్తే క్రాసింగ్ మూడు నెలలకు పిల్లలుండటానికి సీజనల్ హాస్టల్ అడుగుతుంటి, ఇంకో బడిల తక్కువ హాజరు చూపెట్టిండ్రు, వాళ్ళకు ఇచ్చిండ్రు, మల్ల ఆగస్టు వస్తే మనకాడ ఏముంది అన్నారు.

అప్పటిదాకా కృప ఒక్కతే అనుకున్నాను. మిగతా ఆరుగురు నా లెక్కలోనే లేరు.

పైకి రాసిస్తే నాకు మెమో వస్తుంది. సస్పెన్షన్ కూడా రావచ్చు. చూసుకోలేదని ఆయనకూ వస్తుంది. ఆలోచించుకోండ్రి అన్నారు. వద్దని అనలేదు. రాయమనీ అనలేదు.

జనవరి 19, గురువారం

లెటర్ నాలుగుసార్లు రాశాను. విధి నిర్వహణలో అనివార్య పరిస్థితుల దృష్ట్యా అని మొదలైంది మొదటిది. చింపేశాను. రెండోది ఇంకా ఘోరం, అందులో నేను పిల్లల శ్రేయోభిలాషిని. ఆఖరుకు బోర్డు మీద పిల్లలకు రాసినట్టు చిన్న చిన్న మాటల్లో రాశాను. సగం పేజీ కూడా రాలేదు.

సారమ్మకు చెప్పకుండా ఇవ్వకూడదు. ఆమె అబద్ధం కూడా ఇందులో బయటపడుతుంది. ఆమెను నేనే ఆడించానని రాశాను.

జనవరి 20, శుక్రవారం

పొద్దున్నే సారమ్మ ఇంటికి పోయాను. లెటర్ ఇయ్యకు టీచరమ్మా, నిన్ను తీసేస్తే నా బిడ్డకు ఎవరు చెప్తరు అంది. చదివి వినిపిద్దామని కాగితం తీస్తే కృప చెయ్యి చాపింది. ఇవ్వకుండా ఉండలేకపోయాను.

వేలు పెట్టి చదివింది. కృప బడికి రాలేదు. వచ్చినట్టు నేను అబద్ధం రాశాను. కృపకు ఏ లోపమూ లేదు. అబద్ధం దగ్గర చాలాసేపు ఆగింది. నేను అందించలేదు.

సారమ్మ నమ్మలేక మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది, ఈసారి ఆగకుండా.

పదకొండింటికి లెటర్ మండల ఆఫీసులో ఇచ్చి వచ్చాను.