నూకయ్య మామ జామీను చెల్లదు

ఖరగ్‌పూర్,
3 ఆగస్టు 1992.

శ్రమజీవి సహకార పరపతి సంఘం కార్యదర్శి శ్రీయుత జగ్గారావు గారి సముఖమునకు, ఝపటాపూర్ నివాసి, కీర్తిశేషులు ఫిట్టర్ సమూయేలు గారి కుమారుడు తీతు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా చదువు అప్పుకు జామీను నిలిచిన రిటైర్డు రివెటర్ శ్రీ నూకయ్య గారికి 'బాకీ లేదు' చీటీ తక్షణం ఇప్పించుట గురించి; సదరు జామీను పుట్టుకలోనే చెల్లనిదని నిరూపించుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను వాక్, శ్రవణ దోషాల శాస్త్రంలో బి.ఎస్సీ. పట్టభద్రుడను. అనగా నత్తిని సరిదిద్దుట, చెవుడును కొలుచుట, మాట రాని బిడ్డకు మాట నేర్పుట నా వృత్తి. తమ సంఘం అప్పుతోనే దక్షిణాదికి పోయి చదివితిని. ప్రజల నోళ్లు నొక్కేవారి గురించి కరపత్రాలలో చాలా చదివాను. నోళ్లు తెరిపించేవాడికి ఈ దేశంలో కుర్చీ లేదని మాత్రం ఏ కరపత్రమూ చెప్పలేదు. చెప్పి ఉంటే హాయిగా మా నాన్నలాగే ఫిట్టరునయ్యేవాడిని.

2. సదరు పట్టాను ఉపాధి కార్యాలయంలో చూపించగా, గుమాస్తా దాదా దానిని అటూ ఇటూ తిప్పి, "కమ్యూనికేషన్? అచ్ఛా!" అని, సిగ్నల్ విభాగంలో ఖలాసీ ఇంటర్వ్యూకు కార్డు పంపించారు. అన్యాయమే అయినా వెళ్లాను. స్తంభం ఎక్కమన్నారు. ఎక్కాను. అంత ఎత్తు మళ్లీ దొరకదని తోచి, శాస్త్రీయ విద్యకు జరుగుతున్న ద్రోహం గురించి అక్కడినుంచే నాలుగు మాటలు ప్రసంగించాను. దిగమన్నారు. ఉద్యోగం రాలేదు. చప్పట్లు మాత్రం బాగానే వచ్చాయి.

3. ప్రస్తుతం మేదినీపూర్‌లో ఒక బధిర పాఠశాలలో వారానికి మూడు రోజులు పనిచేయుచున్నాను. అక్కడిచ్చే గౌరవ వేతనంలో గౌరవం ఉంది, వేతనం బస్సుకు పోతుంది. మిగతా రోజులు ఇంటి ముందు బోర్డు కట్టుకొని కూర్చుంటాను. ఆ బోర్డు కిందినుంచే జనం వరసకట్టి పక్కింటికి పోతారు. పక్కింట్లో నూకయ్య గారి భార్య దాలమ్మత్త, మాటలు రాని పిల్లలకు వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తుంది. ఝపటాపూర్ వాళ్లే కాదు, సుభాష్‌పల్లి బెంగాలీ దీదీలు కూడా రిక్షాలు కట్టించుకొని వస్తారు. ఒక ఆదివారం నేను వీధిలో నిలబడి "మూఢ నమ్మకాలు నశించాలి" అని అరిచాను. ఒక దీదీ జాలిపడి నా చేతిలో అర్ధరూపాయి పెట్టి పోయింది. ఆ నెలలో ప్రైవేటు ప్రాక్టీసు ఆదాయం అదే.

దాలమ్మత్త గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఒరే తీతూ, నీకు సిన్నప్పుడు నానే కదరా వస నాకించినాను. రవ్వంత ఎక్కువైపోనాది."

4. అసలు సంగతి. నూకయ్య మామ రైల్వే కార్ఖానా బాయిలర్ షాపులో జీవితమంతా రివెట్లు కొట్టాడు. అక్కడి మోతలో నోటితో మాట్లాడరు, చేతులతోనే. పిడికిలి ఎత్తితే టీ. చెవి పట్టుకుంటే ఫోర్‌మన్ వస్తున్నట్టు. ఆ మోతకే మామ చెవులు పోయాయి. బయటపడితే మెడికల్ పరీక్షలో తప్పించి చిన్న పనికి దించుతారని, ఎవరేమన్నా "ఠీక్ హై" అంటూ నెట్టుకొచ్చాడు. ఇంట్లో అత్త కూడా ఆయనతో షాపు సైగలతోనే సంసారం చేసింది. పోయిన నెల ఆయన రిటైరయ్యాడు; తమ చీటీ లేక రిటైర్మెంటు పైకం ఆగిపోయింది. ఇక ఏ మెడికల్ బోర్డూ ఆయన చెవి మెలిపెట్టలేదు గనుక ధైర్యంగా వ్రాయుచున్నాను.

జామీను నాడు షరతులు తమరే చదివి వినిపించారు. "కుర్రాడు కట్టకపోతే నీ పైకంలో పట్టుకుంటాం" అన్నారు. మామ "ఠీక్ హై" అన్నాడు. "అర్థమైందా?" అన్నారు. "ఠీక్ హై." తమరు మర్యాదకు "ఇంట్లో ఆవిడకు జ్వరమటగా?" అని అడిగారు. దానికీ చిరునవ్వుతో "ఠీక్ హై" అన్నాడు. అప్పుడైనా అనుమానం రావద్దా అయ్యా?

మొన్న మామను మా పాఠశాల యంత్రం ముందు కూర్చోబెట్టి పరీక్షించాను. శబ్దం వినబడితే చెయ్యి ఎత్తమని సైగ చేశాను. మహారాజులా కూర్చొని, యంత్రం ఆపిన తరువాత కూడా ఎత్తుతూనే ఉన్నాడు. నాలుగోసారికి నిజం తేలింది. జామీను నాటికే ఆయనకు తమ మాట ఒక్కటీ వినబడి ఉండదని పట్టభద్రుడి హోదాలో ధ్రువీకరించుచున్నాను. వినని షరతుకు కట్టుబడనక్కరలేదు. ఇది నా మొట్టమొదటి ధ్రువపత్రం!

కావున నా బాకీ నా నెత్తిన రుద్ది, ఆయన పైకం ఆయనకు విడిపించవలెను. లేనిచో గోల్‌బజార్‌లో తమ కార్యాలయం మెట్ల మీద నిరాహార దీక్షకు కూర్చుంటాను. పక్కనే పకోడీ బండి ఉందని తెలిసే ఈ నిర్ణయం తీసుకొన్నాను.

కోపం నాది, తప్పు కాలానిది, కలం తమది. ఓర్పుతో చిత్తగించవలెను.

బాకీ తీరేవరకు తమ విధేయుడు, తరువాత సమానుడు,
ఎస్. తీతు, బి.ఎస్సీ.

తా.క. ఈ అర్జీ తెచ్చి ఇచ్చే ముందు మామకు వినిపించుట న్యాయమని, పాఠశాల నుంచి చెవి యంత్రం ఒకటి ఎరువు తెచ్చి తగిలించి, మొత్తం చదివాను. విన్నాడు. నిజంగా విన్నాడు! విని, "ఆ నాలుగో నెంబరు కొట్టేయ్" అన్నాడు.

"అదే కదా మామా మన బలం!"

"ఏటి బలం? ఇనపడకపోతే మాత్రం, ఏటికి సంతకం పెడతన్నానో నాకు తెల్దేటి? సమూయేలు కొడుకు సెవుల సదువు సదువుతాడని మీ అత్త సైగల్తో సెప్పినాది. నా సెవులు నాకు తెలుసు. పెట్టినాను. ఆ జామీను సెల్లుద్ది."

కాబట్టి నాలుగవ అంశం కొట్టివేసినట్టు భావించవలెను. మళ్లీ వ్రాద్దామంటే కాగితం లేదు.

ఇంతలో అత్త వచ్చి, అలవాటుగా పిడికిలి ఎత్తి టీ కావాలా అని సైగ చేసింది. మామ తల అడ్డంగా ఊపాడు. "సెయ్యి దించి నోరిప్పవే. ఇనపడతాది. ఏదో ఒకటి తిట్టు."

ఊరందరి పిల్లలకూ మాటలు తెప్పించే దాలమ్మత్తకు ఆ నిమిషాన మాట రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. నేను నా చదువునంతా ఉపయోగించి గోడవైపు తిరిగాను.

తరువాత ఆమెకు మాట వచ్చింది, ఇంకా ఆగలేదు. అందులో నాకు వర్తించే భాగం ఇది: ఇక ఆదివారాలు నేను ఆమె అరుగు మీదే కూర్చోవాలి. వసకు లొంగని పిల్లలు నాకు. ఫీజు ఆమె అడుగుతుంది, నాకు అడగటం చేతకాదట. ఆ ఫీజులోంచి ప్రతి నెలా నా వాయిదా ఆమే స్వయంగా తెచ్చి కడుతుంది. మొదటి వాయిదాతో పాటు మామ చీటీ కోసం వచ్చే సోమవారమే తమ ముందుకు వస్తోంది.

ఆమె ఏమన్నా తమరు "ఠీక్ హై" అంటే చాలు.